గేటు దగ్గర మామయ్య

క్యారియరు అడుగు గిన్నెను బోర్లించి, వేలి కణుపుతో రెండుసార్లు కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. దొంగ అడుగేమీ లేదు. "ఊఁ, వెళ్ళు" అన్నాడు. నాణేల కర్మాగారం గేటు దగ్గర, బయటికెళ్ళే ప్రతి మనిషినీ సోదా చెయ్యడం అతని ఉద్యోగం. జుట్టు నెరిసినా వేళ్ళకు చూపు తగ్గలేదు. పనివాళ్ళు అతన్ని చాటుగా తడుముడు తాత అంటారు. అతనికా సంగతి తెలుసు. ఎవరెవరు అంటారో కూడా తెలుసు.

ఆ వారం కర్మాగారంలో వెండి నాణేలు ముద్రిస్తున్నారు. ఎక్కడో సముద్రం మధ్య ఒక దీవికి కొత్తగా స్వాతంత్ర్యం వచ్చిందట. దాని గుర్తుగా ఒకవైపు రెక్కలు విప్పిన పక్షి, మరోవైపు పడవ. కొన్నవాళ్ళు వాటిని ఖర్చుపెట్టరు, అద్దాల పెట్టెలో దాచుకుంటారు. ఇదంతా అతనికి మింగుడుపడలేదు.

"ఖర్చుపెట్టని డబ్బేం డబ్బు? అసలా దేశం ఉందో లేదో ఎవడు చూశాడు?" అన్నాడు పొద్దున, కాఫీ తాగుతూ.

పాలిష్ గదిలో పనిచేసే అల్లుడు నవ్వాడు. అల్లుడూ కూతురూ పై వాటాలోనే ఉంటారు. "ఉంది మామయ్యా. వాళ్ళ మనిషి మొన్న నమూనా చూడ్డానికొచ్చాడు. నాణెం చేతిలో పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు, పాపం."

"చేతికిచ్చారా? మళ్ళీ తిరిగిచ్చాడా?"

సాయంత్రం ఒక నాణెం తగ్గింది. అల్లుడి బల్ల మీది పళ్ళెంలోనే. తలుపులు మూయించి అందరినీ వరసలో నిలబెట్టారు. అల్లుడి వంతు వచ్చేసరికి అందరి కళ్ళూ తాత చేతుల మీదే ఉన్నాయి. చూసీచూడనట్టు వదిలేస్తే తన పేరు పోతుంది. కానీ అదొక్కటే కాదు, లోపల ఇంకో పురుగు తొలిచింది. మొన్న కూతురి చెవులకు కొత్త దుద్దులు ఎక్కణ్ణుంచి వచ్చాయి?

జేబులు, కాలరు మడత, చెప్పుల అట్టలు చూశాడు. మిగతావాళ్ళను అక్కడితో వదిలేశాడు. అల్లుణ్ణి మాత్రం "నోరు తెరువు" అన్నాడు. నాలుక కింద వేలు పెట్టి తడిమాడు.

"ఇక మూసుకోవచ్చా, మామయ్యా?"

వరసలో ఎవరూ నవ్వలేదు.

కాసేపటికి నాణెం దొరికింది. నాణేలు సర్దే పెట్టెలో పరిచిన మఖమలు గుడ్డ కింద ఇరుక్కుపోయింది. అప్పటికే అల్లుడు వెళ్ళిపోయాడు.

తాత ఇల్లు చేరేసరికి వాకిట్లో అద్దె బండి ఆగి ఉంది. మెట్ల కింద సంచులు వరసగా పెట్టి ఉన్నాయి, జిప్పులన్నీ తెరిచి. మడత చెదిరిన బట్టలు, గిన్నెలు, దువ్వెన కనిపిస్తున్నాయి. భార్య గుమ్మంలో నిలబడి ఉంది. "చెప్పి చూశాను. వినడంలేదు" అంది.

కూతురు పక్కకు జరిగి దారి ఇచ్చింది. "చూసుకో నాన్నా. నీ ఇంటివేవీ లేవు."

"దొరికిందమ్మా అది. గుడ్డ కింద..."

"దొరక్కపోయుంటే?"

అతను చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అల్లుడు వంగి జిప్పులు ఒక్కొక్కటే మూశాడు. "వెళ్ళొస్తాం మామయ్యా" అన్నాడు, ఎప్పటిలాగే. ఆ మాట కింద ఏమైనా దాగుందేమోనని అతను వెతికాడు. ఏమీ లేదు.

బండి మలుపు తిరిగింది. భార్య లోపలికి వెళ్ళింది. అతను మెట్లెక్కాడు. పై గదులు ఊడ్చి ఉన్నాయి. డాబా మీద దండేనికి అల్లుడి ప్యాంటొకటి మిగిలిపోయింది. ఇంకా తడిగానే ఉంది. తొందరగా ఆరాలని ఎవరో దాని జేబులు రెండూ బయటికి లాగి ఉంచారు.