మరక పడని పుస్తకం

దుబాయ్ అల్ ఖూజ్ ప్రాంతంలోని పుస్తకాల గోదాములో హయాత్ బాషాకి ఒళ్ళు మండించే పని ఒక్కటే, అట్టల మీద బంగారు రంగు స్టిక్కర్లు అంటించడం. 'లక్షలమంది పిల్లలు మెచ్చిన పుస్తకం' అని ఉంటుంది వాటి మీద. పెట్టె అప్పుడే ఓడ దిగింది, ఇంకా ఒక్క పిల్ల కూడా పుస్తకం తెరవలేదు, మరి మెచ్చిందెవరయ్యా? ఆ మెప్పేదో తన బొటనవేలితో తనే అంటిస్తున్నాడు.

అవి 'మంచుతాళాల కోట' అనే మాయామంత్రాల కథలు. ఇప్పుడొచ్చింది ఆరో భాగం. దుబాయ్‌లో ఏ స్కూలు పిల్లని కదిపినా ఆ కోట గొడవే.

వాపసొచ్చిన సరుకు చూడటం కూడా బాషా పనే. చదివిన పుస్తకమైతే కాగితాల అంచు వేళ్ళ మురికికి నల్లబడుతుంది, మళ్ళీ అమ్మడానికి పనికిరాదు. ఈ కోట పుస్తకాలు ఏది తిప్పి చూసినా మొదటి నలభై పేజీలే నల్లగా, తక్కినదంతా తెల్లగా. కొనేవాళ్ళే గానీ చదివేవాళ్ళు లేరని తేల్చేశాడు. నచ్చినవాళ్ళు వాపసే ఇవ్వరన్న సంగతి మాత్రం ఆయనగారికి తట్టలేదు.

అయినా కూతురు మాహిరా పోరు పడలేక, ముదీర్‌ని, అంటే గోదాము మేనేజర్ని, బతిమాలి ఒక కాపీ పది రోజులకని ఇంటికి తెచ్చాడు. వంద జాగ్రత్తలు చెప్పి మరీ చేతికిచ్చాడు.

పదో రోజు సాయంత్రం డేరా పేటలోని ఇంట్లో అతను చెప్పులు విడుస్తుండగానే మాహిరా పుస్తకం తెచ్చింది. "చదివేసినా అబ్బా, ఖలాస్!"

బాషా అలవాటుగా అంచు చూశాడు. మొదటి పేజీ నుంచి చివరిదాకా మల్లెపువ్వులా తెల్లగా ఉంది. పుస్తకం మాట అటుంచి, పన్నెండేళ్ళ పిల్ల తనతో అబద్ధమాడటం నేర్చిందా?

"నిజంగా చదివినావా? స్కూల్లో అందరూ చదివినారని నువ్వూ అంటాండావా? పేజీ తిప్పిన గుర్తే లేదే!"

మాహిరా ముఖం కందిపోయింది. "మరక పడితే నీ నౌకరీకి మాటొస్తాదని నువ్వే చెప్పింటివి కదబ్బా!"

"దినామూ సబ్బుతో చేతులు కడుక్కొని, నా దుపట్టా ఒళ్ళో పరుచుకొని కూర్చుంటాండె," అంది భార్య గుల్జార్ బేగం వంటింట్లోంచి.

బాషా అనుమానం అప్పటికీ పూర్తిగా తీరలేదు. "అయితే ఎట్లుందో చెప్పు."

"నాలుగో భాగం నుంచి ఊరికే సాగదీసినారు. యుద్ధాలన్నీ ఒకటే మాదిరి. కానీ తమ్ముడు అక్కని గుర్తుపట్టని చోట ఏడ్చేసినా."

"యాడ? ఒక్క చుక్కన్నా పడలేదే?"

"పుస్తకం మంచం మీద పెట్టి, బాల్కనీలోకి పోయి ఏడ్చి వచ్చినా."

తన మాట కోసం పిల్ల ఏడుపు కూడా ఆపుకుని అవతలికి వెళ్ళిందంటే బాషాకి సిగ్గేసింది. స్టిక్కరు మీద అతనికి ఇప్పటికీ నమ్మకం లేదు, పిల్ల మాట మీద మాత్రం కుదిరింది. జేబులోంచి పెన్ను తీసి, అట్ట తెరిచి, మొదటి పేజీ మీద 'షేక్ మాహిరా' అని పెద్ద అక్షరాలతో రాశాడు.

"అబ్బా! ఇంక వాపసు తీసుకోరు!"

"నా జీతంలో పట్టుకోమని ముదీర్‌తో నేను చెప్పుకుంటాలే. ఆ ఏడ్చిన చోటు తియ్యి. ఈసారి నా పక్కన కూర్చొని చదువు."