మూడో చరణం

కడుపు కూసింది, నాదేమో అనుకుని గబుక్కున బైబిలు పొట్టకు అదుముకున్నాను గానీ నాది కాదు, పక్కన కూర్చున్న మెర్టెల్‌ది, పొద్దున్నే పుదీనా టీ తాగొచ్చి ఉంటుంది, అడిగితే అది మందు ఐసీ, మందు తాగితే ఉపవాసం పోదే అంటుంది, నేనైతే చుక్క నీళ్ళు ముట్టలేదు, బుధవారం ఉపవాస కూడిక అంటే ఈ కొండ మీద ఎవరైనా ముందు నా పేరే చెబుతారు, సిస్టర్ ఐసిల్డాని చూసి నేర్చుకోండి అంటారు, నిజం చెప్పొద్దూ, ఆకలి నన్నెప్పుడూ పెద్దగా బాధపెట్టలేదు, బాప్తిస్మం రోజు చెవిపోగులు తీసేసినప్పుడూ బాధ లేదు, అవి పెట్టుకుంటే చెవులు పుండ్లు పడేవి, డాన్సులకు ఇక వెళ్ళనని ఒట్టు పెట్టుకున్నప్పుడూ ఏమీ అనిపించలేదు, నాకు అడుగు పడితే కదా, మా ఆయన ఎజికీల్ బతికున్నప్పుడు అనేవాడు, బుధవారం ఉపవాసం నీది, ఆకలి నాది అని, ఆ రోజు నేను పొయ్యి వెలిగించేదాన్ని కాదు, ముందు రాత్రి మిగిలిన పెండలం ముక్క చల్లగా చేత్తో పట్టుకుని మేకల దగ్గరికి పోయేవాడు పాపం, దేవుడి కోసం ఆ మాత్రం వదులుకోలేవా అని వెనక నుంచి కేకేసేదాన్ని, వదులుకున్నది ఆయన, పేరు నాకు, ఇప్పుడెందుకు గుర్తొచ్చాడో, చర్చి రేకుల కప్పు అప్పుడే వేడెక్కుతోంది, టోపీ కింద చెమట, ఇన్నేళ్ళూ పాట ఎత్తడానికి ముందు నిలబడ్డ చోట నేను లేను, అందరి వెనక మెర్టెల్ పక్కన కూర్చున్నాను.

నా చోట టమోయా నిలబడి ఉంది, మొన్న మొన్ననే బాప్తిస్మానికి ఏట్లో మునిగి లేచిన పిల్ల, పట్నంలో జుట్లు అల్లే కొట్లో పని, గోళ్ళకు ఎర్ర రంగు ఇంకా పూర్తిగా పోనేలేదు, తెల్ల గౌను మాత్రం ఇస్త్రీ చేసుకుని వచ్చింది, పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టర్ బ్రూమ్‌ఫీల్డ్ నన్ను మెట్ల దగ్గర ఆపి, సిస్టర్ ఐసిల్డా, వచ్చే బుధవారం నుంచి పాట టమోయా ఎత్తుతుందమ్మా, మీరు పోయాక పాటలు కూడా మీతో పోకూడదు కదా అన్నాడు, నేను పోయాకట, దగ్గు కూడా లేని మనిషిని పట్టుకుని, నవ్వుతూనే అన్నాను, ప్రభువు చిత్తం పాస్టర్‌గారూ అని, ఇంటికొచ్చి అడుగంటని గిన్నెను కూడా బరబరా తోమాను, ఎందుకంటే పాట ఎత్తడం చిన్న పని కాదు, ఇక్కడ సగం మంది దగ్గర పాటల పుస్తకం లేదు, ఉన్నా ముసలివాళ్ళకు చదవడం రాదు, ముందు నిలబడ్డ మనిషి పాదం మాటల్లో చెప్పాలి, చెప్పి ఎత్తాలి, అందరూ అందుకోవాలి, మళ్ళీ పాదం, మళ్ళీ అందుకోవడం, మా నానమ్మ దగ్గర చీపురు పట్టుకుని ఊడుస్తూ నేర్చుకున్నాను ఆ పాటలన్నీ, నా గొంతు పగిలిందని ఈ కొండ మీద ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు చెప్పలేరు, నువ్వు పరలోకం వెళ్ళాక దేవదూతలకు కూడా శ్రుతి దిద్దుతావే అనేవాడు ఎజికీల్, అది మెచ్చుకోలే అనుకునేదాన్ని.

శనివారం నా గేటు దగ్గరికి వచ్చింది ఈ పిల్ల, లోపలికి రమ్మనలేదు నేను, అక్కడే నిలబడి సిస్టర్ ఐసీ, పాట ఏ శ్రుతిలో మొదలుపెట్టాలమ్మా అంది, నాకు తెలుసు ఎక్కడ మొదలుపెట్టాలో, మనకు హాయిగా ఉన్న చోటు కంటే బాగా కింద, ముసలి ఎద్దు మూలుగులా, ఎంత కింద అంటే మనకే నచ్చనంత కింద, ఎందుకంటే మా కొండవాళ్ళు ఉన్న చోట ఉండరు, ఒళ్ళు వేడెక్కేకొద్దీ చరణం చరణానికీ ఎవరూ చెప్పకుండానే పైకి పాకుతారు, వినడానికి బావున్న చోట ఎత్తితే మూడో చరణానికి ఆకాశంలో వేలాడాలి, ఇది చెప్పడానికి ఎంతసేపు, చెయ్యి పట్టుకుని ఒక్కసారి హమ్ చేసి చూపిస్తే సరిపోయేది, ఆత్మే నేర్పిస్తుంది తల్లీ, ప్రార్థన చేసుకో అన్నాను, ఎంత భక్తిగా అన్నానంటే ఆ పిల్ల తల వంచి థాంక్యూ సిస్టర్ అని వెళ్ళిపోయింది, దేవుడి పేరు అడ్డం పెట్టుకుని గేటు వేసుకున్నాను, వేసుకుని లోపలికొచ్చి మోకాళ్ళూని ఆ పిల్ల కోసమే ప్రార్థన కూడా చేశాను, సిగ్గు లేదు నాకు.

అదిగో టమోయా పాదం చెప్పింది, స్పష్టంగానే చెప్పింది, ఎత్తింది, అయ్యో పైన ఎత్తింది, బావుంది, తేనెలా ఉంది గొంతు, అందుకే ప్రమాదం, మెర్టెల్ నా వైపు చూసింది, నేను కిటికీలోంచి సీమపనస చెట్టు వైపు చూస్తూ కూర్చున్నాను, మొదటి చరణం బాగానే జరిగింది, చప్పట్లు కూడా పడ్డాయి, రెండో చరణంలో పాకడం మొదలైంది, మగవాళ్ళు మెడలు చాస్తున్నారు, సంఘం పెద్ద డీకన్ మెడలో నరాలు లేచాయి, నాకు లోపల ఎక్కడో సంతోషం, ఇదీ నిజమే, దాచి ఏం లాభం, పాస్టర్‌గారూ చూశారా అనే సంతోషం, మూడో చరణం పాదం చెప్పింది టమోయా, చెప్పేటప్పుడే మాట వణికింది, ఎత్తింది, వెనక ఎవరూ లేరు, మగవాళ్ళు నోళ్ళు మూసేశారు, ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు పెదాలు కదుపుతున్నారంతే, ఒక్క గొంతు, అంత ఎత్తున, పట్టుకోవడానికి ఏమీ లేకుండా, ఉపవాస కూడికలో పాట చచ్చిపోతే ఈ ఊళ్ళో ఏడాది చెప్పుకుంటారు, లేవవే ఐసీ, పాటని చంపేస్తోంది, నువ్వు అందుకో, ఎవరేమంటారు అంటూ మెర్టెల్ మోచేత్తో పొడుస్తోంది, నిజమే, ఎవరూ ఏమీ అనరు, పాట తడబడితే బల్లల్లోంచి ఎవరైనా లేచి ఇంకో పాట అందుకోవచ్చు మా దగ్గర, ఆత్మ కదిలించింది అంటారు, తప్పే కాదు, కాకపోతే అలా పాట మీద పాట పడిన మనిషి మళ్ళీ ముందుకు వచ్చి నిలబడడం ఎవరూ చూడలేదు, ప్రభువా పాట నీది కదా, నీ పాట పాడైపోతుంటే చూస్తూ కూర్చోమంటావా, నీ కోసమే లేస్తాను, నా కోసం కాదు, నా కోసం అస్సలు కాదు, ఆ మాట రెండోసారి ఎందుకన్నానో నాకే తెలిసింది, అప్పటికే లేచి నిలబడ్డాను.

తలలన్నీ తిరిగాయి, హమ్మయ్య అని ఎవరో పైకే అన్నారు, టమోయా నన్ను చూసింది, పక్కకు జరిగింది, ఒక్క అడుగు, నా చోటు నాకు వదిలేసి గోడ వైపు జరిగి చేతులు వెనక దాచుకుంది, ఆ గోళ్ళు దాచుకుంది, ఎంత తేలిగ్గా జరిగిందో, ఇది నాది కాదని ముందు నుంచీ తెలిసినట్టు, ఈ పిల్లని నేను శనివారమే అక్కడి నుంచి పక్కకు తోసేశాను, ఇప్పుడు ఊరికే చూస్తున్నాను అంతే, నోరు తెరిచాను, గొంతులో నా పాట సిద్ధంగా ఉంది, కింద, హాయిగా, అందరూ అందుకునే చోట, వద్దు, వద్దంటున్నది ఎవరు, నేనేనా, నాకు వద్దని లేదే, కావాలి, ఒళ్ళంతా కావాలంటోంది, అయినా వద్దు, ఆ పిల్ల వదిలేసిన పాదమే పట్టుకున్నాను, ఆ పిల్ల వదిలేసిన చోటే, నాకు అందదని తెలిసిన ఆ ఎత్తులోనే, మొదటి మాట వచ్చింది, రెండో మాట దగ్గర నా గొంతు పగిలింది, మామూలుగా కాదు, కోడిపెట్టను తొక్కినట్టు, రేకుల కప్పు కింద ఆ చప్పుడు ఎక్కడికీ పోకుండా నిలబడింది, ఎవరో కిసుక్కున నవ్వారు, ఒళ్ళంతా మంట, ఆపెయ్యాలి, కూర్చోవాలి, ఆపలేదు, టమోయా వైపే చూస్తూ పగిలిన గొంతుతోనే ఆ పాదం చివరి దాకా ఈడ్చాను, చూస్తోంది పిల్ల, చెప్పు తల్లీ, తర్వాతి పాదం చెప్పు, పైకే అన్నాను, నువ్వు చెబితేనే కదా మేం పాడేది, గోడ దగ్గర నుంచి మళ్ళీ అక్కడికి వచ్చి చెప్పింది, ఓరి దేవుడా ఇదేం గోల అని గొణుగుతూనే మెర్టెల్ లేచింది, దాని గొంతూ పగిలింది, అది ఆపకుండా నవ్వుతూనే పాడింది, మగవాళ్ళు ఎవరి దారిన వాళ్ళు కింది గొంతులోకి దిగిపోయి అందుకున్నారు, అసహ్యంగా ఉంది పాట, చెట్ల మీద పిట్టలు లేచిపోయి ఉంటాయి, కానీ కుంటుకుంటూ చివరి చరణం దాటింది, ఆమెన్ అన్నారు, ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంది.

కూర్చున్నాను, తేలిగ్గా ఉంది, ఇంత తేలిక ఏ ఉపవాసంలోనూ తెలియలేదు, ఇదా ప్రభువా నువ్వు అడిగేది, ఇన్నేళ్ళూ నాకు అక్కర్లేనివన్నీ ఏరి ఏరి నీకిచ్చాను కదా, కావాల్సింది ఇవాళ ఒక్కటి ఇచ్చాను, పోయింది, నాలోని ఆ గొప్పల మనిషి వదిలిపోయింది అనుకుంటుండగానే మెర్టెల్ చెవిలో, నిన్ను నువ్వు ఎంత తగ్గించుకున్నావే ఐసీ, నాకైతే ఏడుపొచ్చింది, నీలాంటి మనిషి ఈ కొండ మీద ఇంకొకరు లేరు అంది, అంతే, నా మెడ దానంతటదే నిటారుగా లేచింది, పాస్టర్ చూశాడా అని కళ్ళు ముందుకు పరిగెత్తాయి, చూశాడో లేదో అని నిజంగా వెతికాను, ఒక్క క్షణం క్రితం వదిలిపోయిందనుకున్న మనిషి పక్కకు కూడా పోలేదు, ఇక్కడే నా తెల్ల గౌనులో కూర్చుని పగిలిన గొంతుకు కూడా మెప్పు వసూలు చేసుకుంటోంది, నవ్వాలో ఏడవాలో తెలియలేదు, కూడిక అయ్యాక ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి శనివారం నాకు తెలిసే చెప్పలేదమ్మా అనాలి, అనబుద్ధి కావడం లేదు, అయినా అనాలి, అన్నాక ఎంత నిజాయితీ ఐసిల్డాది అని మళ్ళీ లోపల ఎవరో అంటారు, ఆ మాటకూ కాదనాలి, ఈ మనిషిని ఒకరోజు పెద్దగా కాదనేసి ఇక హాయిగా ఉండడం కుదరదు, రేపు పొద్దున నాకంటే ముందే లేచి కూర్చుంటుంది, రేపు పొద్దున కూడా కాదనాలి.