పెరటి తాడు

కుర్చీలత్తకు చూపు లేదన్న సంగతి కొత్తవాళ్లకు ఓ పట్టాన తెలిసేది కాదు. అల్లిక తెగిన కుర్చీ తెచ్చి గుమ్మంలో దించితే, సీటు మీద ఓసారి వేళ్లు పోనిచ్చి, "దీని మీద కూర్చున్నది మనిషేనా, దున్నపోతునేమైనా కట్టేశారా?" అనేది. వాళ్లు ఆ నవ్వులో బేరం మరిచిపోయేవాళ్లు. అసలు పేరు ఏదో ఉండే ఉంటుంది. ఆ సందులో మాత్రం పిల్లకీ పెద్దకీ ఆమె కుర్చీలత్తే.

చూపు ఒక్కరోజులో పోలేదు. నడివయసులో, వత్తి తగ్గించిన దీపంలా కొంచెం కొంచెంగా సన్నగిల్లింది. అంచేత ఆమెకు సర్దుకునే వ్యవధి దొరికింది. ఉన్నది ఒకటే గది. తలుపు పక్కన కుర్చీలు అల్లే బెత్తం నానే తొట్టి, దాని పక్కన పీట, పీటకు కుడిచేతి వైపు కత్తి, మొద్దు సూది, మైనం ముద్ద. పొయ్యి దగ్గర ఉప్పు పొడుగు డబ్బాలో, చక్కెర పొట్టి డబ్బాలో. చుట్టపుచూపుగా వచ్చినవాళ్లెవరైనా కత్తి తీసి మరోచోట పెడితే ఇంట్లో దొంగలు పడ్డంత గోల చేసేది.

గదిలో ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా పెరట్లోనే. వెనక తలుపు దాటగానే విరిగిన మెట్టు, అవతల ఎగుడుదిగుడు రాళ్లు, నడిమధ్య సిమెంటు గట్టుతో కుళాయి, ఆ చివర మూలన బాత్రూము. దానికి ఆమె చేసుకున్న ఉపాయం తాడు. తలుపు చట్రం నుంచి బాత్రూము గుంజ దాకా, చేతికి అందే ఎత్తున, వీణ తీగలా బిగించి కట్టింది. వానకు నానకుండా దానికి మైనం పట్టించింది. మెట్టు రాకముందు ఒక ముడి. కుళాయికి ఎదురుగా పక్కపక్కనే రెండు. చివర పిడికిలంత ఉండ. తాడు మీద చెయ్యి వేసి నడిస్తే ఆమె అడుగు ఎక్కడా తడబడేది కాదు.

ఆ తాడు కట్టిననాడు తమ్ముడి కూతురు పక్కనే ఉంది. సన్నగా, ఒకచోట నిలవకుండా తిరిగే పిల్ల కాబట్టి కుర్చీలత్త దాన్ని పిచ్చుకా అని పిలిచేది. ముళ్లు వెయ్యడం పిచ్చుక నేర్చుకున్నది ఆ తాడు మీదే. ఎంత లాగినా జారని ముడి, ఒక్క గుంజుకు విడిపోయే ముడి, రెండు తాళ్లను కలిపే ముడి. బడిలో గైడ్స్‌లో చేరాక అవే ముళ్లు వేసి మొదటి బ్యాడ్జీ తెచ్చుకుంది. తెచ్చిన సాయంత్రమే అత్త వేళ్లను దాని మీద పెట్టి తడిమించింది.

తమ్ముడికి సైకిళ్ల షాపు. మనిషి చెడ్డవాడు కాదు. కానీ టైర్లు పెట్టుకోవడానికి చోటు చాలడం లేదని వచ్చినప్పుడల్లా చెప్పేవాడు. చెప్పి, గది నాలుగు మూలలా చూసేవాడు. ఆమెకు అతని చూపు కనపడదు గానీ, మాట ఆగిన తీరు తెలిసేది.

"ఎన్నాళ్లిలా ఒంటరిగా ఉంటావక్కా? ఎక్కడో జారి పడితే చూసే దిక్కెవరు? హోములో అయితే వేళకు తిండి, పక్కన మనుషులు."

"పడితే కదురా!"

"పడితే?"

"పడిన రోజున చెప్పు. నోరెత్తకుండా వస్తాను."

"మాట మీద నిలబడతావా?"

"ఫలానా రోజున కుర్చీ ఇస్తానని ఏనాడైనా ఇవ్వకుండా తప్పించుకున్నానా?"

అప్పటి నుంచి అతను ఆ ఊసు ఎత్తలేదు. ఆమె మాత్రం అడుగులో అడుగు వేసుకుని నడిచేది. తన గదీ, తన పనీ ఆ తాడుకే వేలాడుతున్నాయని ఆమెకు తెలుసు.

ఓ సాయంత్రం పిచ్చుక వచ్చి పీట పక్కన చతికిలబడింది. వచ్చీ రాగానే వాగే పిల్ల, బెత్తం ముక్కను వేలికి చుట్టుకుంటూ నీళ్లు నమిలింది.

"అత్తా, మా గైడ్స్ అందరం ఈ ఆదివారం ఎవరికైనా సేవ చెయ్యాలి."

"చెయ్యండి. వద్దన్నదెవరు?"

"నీకు చేద్దామని."

"నాకేం మాయరోగం?"

"చూపు లేనివాళ్లకు చేస్తే సేవా బ్యాడ్జీ ఇస్తారత్తా. అది ఉన్నవాళ్లనే పెద్ద క్యాంపుకు తీసుకెళ్తారు. రైల్లో. డేరాల్లో పడుకోవచ్చు."

"ఓసి దొంగా! నా కళ్లు పోయింది నీకు రైలెక్కడానికన్నమాట. సరే, రమ్మను. ఇల్లు ఊడుస్తామంటే ఎవరు కాదంటారు?"

పిల్ల లేవలేదు. "ఒక్కటుందత్తా. సొంతవాళ్లకు చేస్తే లెక్కలోకి రాదట. అది సేవ కాదు, ఇంటిపని అంట. టీచరు చెప్పింది."

"అయితే?"

"నువ్వు నా అత్తవని చెప్పకు."

కుర్చీలత్త చేతిలో బెత్తం ఆగింది.

"మరి నన్ను ఎవరని చెప్పావు?"

"మా వీధి అవతల ఉంటుంది, ఎవరూ లేని గుడ్డి ముసలావిడ అని."

ఆమె బెత్తం కొసను మళ్లీ అల్లికలోకి దూర్చింది. తర్వాత నవ్వింది. "గుడ్డి, సరే. ఎవరూ లేరన్నావు, పోనీలే. ముసలి అన్నావు చూడు, దానికి నీ వీపు విమానం మోత మోగిస్తాను."

పిచ్చుక ఎగిరి మెడ కౌగిలించుకుంది. "ఒట్టు?" అంది. "ఒట్టు. నువ్వెవరో నాకు తెలియదు, పో" అంది అత్త.

ఆదివారం పొద్దున్నే సందంతా బూట్ల చప్పుడు. టీచరు గొంతు ముందు వచ్చింది, మనిషి తర్వాత. "నమస్కారం బామ్మగారూ! ఇవాళ మీరు మహారాణిలా కూర్చోండి. అన్నీ మా పిల్లలు చూసుకుంటారు." ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి వీధి గుమ్మం బయట కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ కుర్చీ ఆమె అల్లిందే. ఇంకొకరిది, సోమవారం ఇవ్వాలి. దాని మీద కూర్చోవడం ఆమెకు మనసొప్పలేదు.

లోపల బకెట్లు, చీపుళ్లు, కిచకిచలు. ముక్కుతో మాట్లాడే పిల్ల ఒకతె అందరి మీదా అజమాయిషీ చేస్తోంది. "ఈ తొట్టిలో నీళ్లు చూడండే, దోమలు!" అంది. భళ్లున నీళ్లు పారబోసిన చప్పుడు. నానిన బెత్తం ఎండలో పడితే పుల్లలైపోతుంది. కుర్చీలత్త లేవబోయి ఆగిపోయింది. లేస్తే గొంతు లేస్తుంది, గొంతు లేస్తే "పిచ్చుకా" అన్న మాట నోటికి వచ్చేస్తుంది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది.

పిచ్చుక ఒకసారి మంచినీళ్లు తెచ్చింది. "తీసుకోండి బామ్మగారూ" అంది. గారు దగ్గర గొంతు సన్నగా వణికింది. "చల్లగా ఉండమ్మా, ఏ ఊరు మనది?" అని అడిగింది అత్త. పిల్లకు నవ్వాగలేదు. పక్కనున్న పిల్లలు "ఎందుకే నవ్వుతున్నావు?" అని కసిరారు. ఆ గ్లాసెడు నీళ్లూ కుర్చీలత్తకు తియ్యగానే ఉన్నాయి. ఆమెకు ఆ రోజు తీపి అదొక్కటే.

ఫొటోలు తీసుకుని, చప్పట్లు కొట్టి, వెళ్లిపోయారు. లోపలికి వచ్చి చూసుకుంటే, అంటే తడుముకుంటే, తన గది పరాయి గది అయింది. పీట మంచం కిందికి వెళ్లింది. కత్తి దొరకలేదు. ఉప్పూ చక్కెరా కొత్త సీసాల్లో, ఒకే ఎత్తున. మధ్యాహ్నం టీలో ఉప్పు పడింది. "సేవ కొంచెం ఎక్కువైంది" అనుకుని పారబోసింది. రాత్రి దాకా ఒక్కొక్కటీ వెతికి చోటు చేర్చుకుంటూనే ఉంది. బాత్రూముకు వెళ్లాల్సిన పని పడితే, పొద్దున వాళ్లు తలుపు దగ్గర పెట్టి మరిచిపోయిన బకెట్టుతో సరిపెట్టుకుంది. అలసిపోయి ఉంది.

పెరట్లోకి వెళ్లింది మర్నాడు పొద్దున. తలుపు తీసి, ఎప్పటిలా తాడు మీదికి చెయ్యి చాచింది. చెయ్యి గాలిలోకి పోయింది. దాని వెంట మనిషీ పోయింది. మెట్టు ఆమెను కుళాయి గట్టు మీదికి విసిరింది.

పాలవాడు చూసి కేకేసేసరికి చాలాసేపైంది. తుంటి ఎముక విరిగిందన్నారు.

ఆసుపత్రిలో తమ్ముడు మంచం పక్కన నిలబడి మెల్లగా ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. పిచ్చుక కాళ్ల దగ్గర నిలబడింది. దాని ఊపిరి ఆమెకు వినపడుతోంది.

"తాడు లేదురా. తాడు ఏమైంది?" అంది ఆమె.

"పాతతాడు కదక్కా."

"మైనం పెట్టిన తాడు. ఊరికే పోదు. ఏమేవ్ పిచ్చుకా, నువ్వు చూశావా?"

 పిల్ల మాట నేల చూసింది.

"తెగిపోయి ఉంటుందత్తా."

కుర్చీలత్త నమ్మింది. పడిన దెబ్బ కన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ కుంగదీసింది. తను కట్టిన తాడు తెగింది. తాడు అరుగుతున్నా రోజూ తడిమే వేళ్లకు తెలియలేదంటే, అవి మొద్దుబారాయన్నమాట. కళ్లు పోయినప్పుడు ఆమె ఏడవలేదు, వేళ్లున్నాయి కదా అనుకుంది. ఇప్పుడు వేళ్లూ మోసం చేశాయి. తమ్ముడు ఏమీ అడగకముందే, "ఆ హోము ఎక్కడో చూడు" అంది.

హోము శుభ్రంగా ఉంటుంది. ఫినాయిలు వాసన. అడుగడుగునా ఆయాలు. తొట్టి పెడితే నీళ్లకు జారతారన్నారు, కత్తి ఉండకూడదన్నారు, కాబట్టి బెత్తం లేదు. జుట్టు కత్తిరించేశారు, దువ్వే పని తప్పుతుందని. నడవడానికి ఒకరు పట్టుకోవాలి. బాత్రూముకు పోవాలంటే ఆయాను పిలవాలి, ఆయా వచ్చేదాకా ఓర్చుకోవాలి. ఓర్చుకోవడం ఆమె నేర్చుకుంది. తమ్ముడు వచ్చినప్పుడు గది సంగతి అడిగితే, "ఊరికే ఖాళీగా ఎందుకని..." అన్నాడు. అతని చొక్కా కొత్త టైర్ల వాసన వేసింది. పిచ్చుక ఒకటి రెండు సార్లు తండ్రి వెంట వచ్చి తలుపు దగ్గరే నిలబడిపోయింది. తర్వాత పరీక్షలన్నారు. తర్వాత క్యాంపన్నారు.

ఒకనాడు హాల్లో కుర్చీలన్నీ గుండ్రంగా వేసి అందరినీ కూర్చోబెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు. వరండాలో బూట్ల చప్పుడు వినగానే కుర్చీలత్త వెన్ను నిటారైంది. "నమస్కారం తాతగారూ, బామ్మగారూ! ఇవాళ మీరంతా మహారాజులూ మహారాణులూ!" అదే టీచరు. ఆవిడ కళ్లు ఆమె మీదుగా పోయి ఉంటాయి, ఆగి ఉండవు.

పాట పాడారు. పళ్లు పంచారు. ఆ తర్వాత ముళ్లు వేసి చూపిస్తామన్నారు. ముక్కుగొంతు పిల్ల వచ్చి ఆమె ఒళ్లో తాడు కొస పెట్టింది.

"ఇది పట్టుకోండి బామ్మగారూ. గట్టిగా."

పట్టుకుంది. మైనం.

వేళ్లు తమంతట తామే ముందుకు పాకాయి. ఒకచోట తాడు కొంచెం వంకర తిరిగి ఉంది, చాలాకాలం ముడి ఉండి విప్పితే మిగిలే వంకర. ఇంకా ముందుకు పోతే పక్కపక్కనే రెండు. కొస నుంచి కొస దాకా ఎక్కడా తెగిన జాడ లేదు, అతుకు లేదు.

"ఈ తాడు ఎక్కడిదమ్మా?"

"ఇదా? సేవ చెయ్యడానికి వెళ్లినప్పుడు ఓ ఇంటి పెరట్లో దొరికింది. ఊరికే అడ్డంగా కట్టి పడేశారు, నడుముకు తగిలేలా. గట్టి తాడు కదా అని తెచ్చేసుకున్నాం. ముళ్లు మాకెవరికీ ఊడి రాలేదు. ఇదిగో, ఈ పిల్లే చిటికెలో విప్పేసింది. మా ముళ్ల చాంపియన్!"

తాడు రెండో కొస పట్టుకున్నవాళ్ల చెయ్యి వణికింది. ఆ వణుకు తాడు మీదుగా వచ్చి కుర్చీలత్త అరచేతిని తాకింది.

ఆమె తాడును ఒళ్లోకి లాక్కుంది. వంకర ఉన్నచోట ఒక ముడి వేసింది. ముందుకు జరిపి, పక్కపక్కనే రెండు వేసింది. చివర, ఒంట్లో ఉన్న సత్తువంతా వేళ్లలోకి తెచ్చుకుని, పిడికిలంత ఉండ బిగించింది. వేళ్లు ఎక్కడా తడబడలేదు. అవి ఏనాడూ తప్పు చెయ్యలేదు.

"అబ్బో, బామ్మగారికి మాకన్నా బాగా వచ్చే!" అంది టీచరు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల నడుమ ఎవరో వెక్కారు.

"ఏమైందే? ఎందుకేడుస్తున్నావు?" టీచరు గొంతు తగ్గింది. "ఈవిడ నీకు తెలుసా?"

కుర్చీలత్త ఆగింది. ఆయా కోసం రోజూ ఆగే మనిషికి ఆగడం ఒక లెక్క కాదు. పిచ్చుక ముక్కు ఎగబీల్చింది. చొక్కా మీది బ్యాడ్జీలు ఒకదానికొకటి తగిలి చిన్నగా టిక్కుమన్నాయి.

"లేదు టీచర్. కంట్లో ఏదో పడింది."

"నాకెవరూ లేరమ్మా" అంది కుర్చీలత్త, టీచరు వైపు తిరిగి.

"అయ్యో, అలా అనకండి! మేమంతా లేమూ?" అంటూ టీచరు ఆమె భుజం తట్టింది. "పిల్లలూ, బస్సు వచ్చింది. తాడు విప్పి చుట్టెయ్యండి."

పిచ్చుక కింద కూర్చుని విప్పడం మొదలుపెట్టింది. ఒక ముడి ఊడింది. పక్కపక్కన ఉన్న రెండూ ఊడాయి. చివరి ఉండ దగ్గర గోళ్లు గీరుకుంటున్న చప్పుడు, మళ్లీ మళ్లీ. కుర్చీలత్తకు ఆ ముడి ఎక్కడ నొక్కితే వదులవుతుందో తెలుసు. పిల్లకూ ఒకప్పుడు చూపించింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"రావట్లేదా? టైమైపోతోందే. కత్తిరించి పారెయ్" అంది ముక్కుగొంతు పిల్ల. కత్తెర పిచ్చుక చేతికి వచ్చింది.

మైనం పట్టిన తాడు కత్తెరకు సులువుగా లొంగదు. కత్తెర దాన్ని రెండు మూడు సార్లు నమిలింది. ఆఖరికి తెగింది.

"ఇప్పుడు తెగింది" అంది కుర్చీలత్త.

ఎవరితో అందో పిల్లలకు అర్థం కాలేదు. అప్పటికే బూట్లు వరండా దాటుతున్నాయి.