బ అంటే బ్రేకు

డ్రైవింగ్ స్కూలు మాస్టారి నత్తి నత్తలా నెమ్మదిగా వచ్చేది కాదు. 'బ' కనబడితే చాలు, మెరుపులా వచ్చి నాలుక మీద కూర్చునేది. అందుకని ఆయన ఆ అక్షరాన్ని తప్పించుకుని పక్కసందుల్లోంచి తిరిగొచ్చేవాడు. బనియన్ని 'లోపలి చొక్కా' అనేవాడు. స్కూలు యజమాని సొంత అక్క మొగుడే అయినా, 'బావా' అనలేక 'అన్నయ్యా' అనేవాడు. చుట్టాలు చెవులు మూసుకునేవారు. "వరస తప్పితేనేం, వరసగా మాట్లాడుతున్నాడుగా" అని అక్క సర్దిచెప్పేది.

'బ్రేక్' బదులు 'ఆపమ్మా' అనడం కూడా అలాగే అలవాటైంది. ఇబ్బందేమీ రాలేదు, కుట్టుమిషన్ల కొట్టావిడ నేర్చుకోవడానికి వచ్చేదాకా. ఆవిడ స్టీరింగు కన్నా నోరు ఎక్కువ తిప్పే మనిషి. మలుపులో చెత్తకుండీ ఎదురైంది.

"ఆపమ్మా," అన్నాడు మాస్టారు.

ఆవిడ చప్పున ఆపేసింది, మాటలు. కారు వెళ్లి కుండీని ముద్దు పెట్టుకుంది. మాస్టారు తన వైపు బ్రేకు తొక్కబట్టి సొట్టతో సరిపోయింది.

"మీరేగా ఆపమన్నారు," అందావిడ నొచ్చుకుంటూ.

సొట్ట చూసి యజమాని తల పట్టుకున్నాడు. "ఒరే బావమరిదీ, రేపు నేనూ కారెక్కుతాను. మళ్ళీ గుద్దించావంటే ఇక ఆఫీసులో కూర్చుని ఫోన్లెత్తుకో."

ఫోన్లో పక్కసందులుండవని మాస్టారికి చెమటలు పట్టాయి.

మర్నాడు యజమాని వెనకసీట్లో కూర్చున్నాడు. మాస్టారు ఆవిడని తాళం తిప్పనివ్వలేదు.

"ముందో సంగతమ్మా. నాకు నత్తి. నిన్న ఆ మాటని తప్పించుకోబట్టే కుండీని తప్పించలేకపోయాం. ఇవాళ అనేస్తాను. బ... బ... బ్రేక్. కాస్త టైము పడుతుంది."

"అంతసేపు నేనెందుకు ఆగుతాను మాస్టారూ? మొదటి 'బ'కే తొక్కేస్తాగా."

అదే మలుపులో సైకిలొకటి అడ్డంగా వచ్చింది.

"బ..."

కారు టక్కున ఆగింది. మాస్టారు ఆగలేదు. "...బ... బ్రేక్," అని మాట పూర్తిచేశాడు. ఆవిడ మొత్తం విని, అప్పుడు గేరు వేసింది. ఇన్నాళ్లూ మాటకు పడిన బ్రేకు ఇవాళ కారుకు పడింది. మాస్టారికి గుండెల మీంచి లారీ దిగినట్టయింది.

"ఆ సీటు నీదేరా," అన్నాడు వెనకనుంచి యజమాని.

మాస్టారు వెనక్కి తిరిగాడు. "థ్యాంక్స్, బ..."

ఆవిడ మళ్ళీ బ్రేకు తొక్కింది. ముగ్గురూ ముందుకు తూలారు.

"అన్నయ్యా అనెయ్‌రా నాయనా, బతికుంటాం."

"ఉండండి," అన్నాడు మాస్టారు. వెనకాల హారన్లు మోగుతున్నాయి. ఆయనకు తొందరేం లేదు. "బ... బ... బావా."