పథ్యం నీళ్లు పోసిన తర్వాత

పథ్యం నీళ్లు పోసి వారం తిరగలేదు, ప్రియాంకకు మళ్లీ చలి పెట్టింది.

గాలయ్య అప్పుడే శామీర్‌పేట చెరువు నుంచి వచ్చి తడి వలను దండెం మీద ఆరేస్తున్నాడు. "బాపూ, దుప్పటియ్యవా" అని లోపలి నుంచి కూతురి గొంతు వినబడింది. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆ ఎండలో దుప్పటి అడిగిన మాటకు అతని చేతిలోని వల నేల మీద పడింది. లోపలికి వెళ్లి పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టాడు. కాలే పెనం మీద పెట్టినట్టయింది.

గాలయ్య భార్య పోయి చాలా ఏళ్లయింది. ఏ జ్వరంతో పోయిందో ఇప్పటికీ అతనికి తెలియదు. ఆనాడు ఎవరు ఏం చేయలేదో మాత్రం పూసగుచ్చినట్టు గుర్తుంది. ఒక్కరినీ క్షమించలేదు. మిగిలింది ఈ పిల్ల ఒక్కతే. మేడ్చల్ దగ్గర బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పనికి పోతుంది.

మొదటిసారి జ్వరం వచ్చినప్పుడు రోడ్డు మీది క్లినిక్‌లో రక్తం చూసి టైఫాయిడ్ అన్నారు. రెండు వారాలకు గోలీలు రాసి, తగ్గినా ఆపొద్దని చెప్పారు. గోలీలు పడ్డాయి, జ్వరం దిగింది, పిల్ల లేచి కూర్చుని ఆకలి అంది. సరిగ్గా అప్పుడే గాలయ్య అక్క సత్తమ్మ లాల్‌గడి మలక్‌పేట నుంచి వేపాకు, పసుపు మూట కట్టుకుని దిగింది.

జ్వరం తగ్గిన మనిషికి తల మీద పథ్యం నీళ్లు పోయడం ఆ ఇళ్లలో తాతల నాటి పద్ధతి. వేపాకు మరిగించి, పసుపు కలిపి, ఇంటి పెద్ద ఆడది పోస్తుంది. ఆ నీళ్లతో రోగం గడప దాటినట్టే. పిమ్మట పథ్యం కూడు. ఆ కూడు తిన్న నోటికి ఇక మందు ముట్టించరాదు.

"ఇగ గా గోలీలు అవుతల వెట్టు తమ్మీ," అంది సత్తమ్మ, చేతులు తుడుచుకుంటూ. "సాగదోలిన సుట్టాన్ని ఎవలన్న ఎన్కకు పిలుస్తరా? నీళ్లు వోసినంక మందు మింగితె రోగాన్ని పేరువెట్టి పిలిశినట్టే."

"డాక్టరు ఆపొద్దన్నడు గదక్కా."

"గట్లనకుంటె ఆయన దుకాణం ఎట్ల నడుస్తది?"

గాలయ్య నవ్వాడు. గోలీలు సగం మిగిలిన అట్టను తీసి చూరులో దోపాడు. ప్రియాంక ఆరోజు హుషారుగా చింతపండు పిసికి పచ్చిపులుసు చేసింది. పొయ్యెక్కని పులుసు అది, చేత్తో పిసికితేనే రుచి. ఒక గిన్నెడు పక్కింటి బాలమల్లు ఇంటికి కూడా పోయింది.

ఇప్పుడు గాలయ్య చూరు తడిమి ఆ అట్టే బయటికి తీశాడు. పోయినసారి పనిచేసిన మందు, ఈసారీ చేస్తుందనుకున్నాడు. చెయ్యలేదు. మెడికల్ షాపుకు పోయి అవే ఇంకో అట్ట తెచ్చాడు. పూటకు ఒకటి వేసేచోట రెండు వేశాడు. రాయి మీద వాన కురిసినట్టే అయింది. జ్వరం రోజుకో మెట్టు ఎక్కింది గానీ ఒక్క మెట్టూ దిగలేదు. నాలుక తెల్లగా పాచి పట్టింది. కడుపు ఉబ్బి, ముట్టుకుంటే పిల్ల మూలిగింది.

సత్తమ్మకు ఫోన్ చేశాడు.

"పచ్చిపులుసు ఎవలు తినమన్నరు దాన్ని?" అంది ఆమె. "పసుపు గూడ తక్వైనట్టుంది. ఇంకోపారి పోస్త, ఆగు."

ఆగడానికి గాలయ్యకు గుండె చాలలేదు. మర్నాడు పొద్దున ప్రియాంక కళ్లు తెరిచి, ఒంటి మీది దుప్పటిని రెండు చేతులా లాగేస్తూ, "వల తియ్యి బాపూ, నామీద వడ్డది, ఊపిరాడ్తలేదు" అంది. అతను దుప్పటి తీసేశాడు. అయినా ఆమె చేతులు గాలిలో ఏదో లాగుతూనే ఉన్నాయి. ఆటో పిలిచి మేడ్చల్ ఆస్పత్రికి తీసుకుపోయాడు.

అక్కడి డాక్టరు సుప్రజ. కోస్తా వైపు మనిషి, మాట నెమ్మది. కడుపు నొక్కి చూసి, సెలైన్ పెట్టించి, పిల్ల కాస్త తెలివిలోకి వచ్చాక అడిగింది: "ఇంతకుముందు మందు వాడావా అమ్మా? పూర్తిగా వాడావా?"

గాలయ్య నోరు తెరిచేలోపే ప్రియాంక చెప్పేసింది. "నీళ్లు వోసినంక బంద్ వెట్టిచ్చిన్రు మేడం."

"ఏం నీళ్లు?"

గాలయ్య చెప్పక తప్పలేదు. డాక్టరు తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది అతనికి. ఆమె అతన్ని పక్కకు పిలిచింది.

"గాలయ్య గారూ, ఒంట్లో చేరిన క్రిములన్నీ ఒక్కలా ఉండవు. కోట్లలో ఏ ఒకటో రెండో మందును తట్టుకునేవి పుడతాయి. మందు పడగానే మెత్తవి ముందు చస్తాయి, జ్వరం దిగుతుంది. మొండివి కొన్ని మిగులుతాయి. చివరిదాకా వాడితే మందూ ఒంటి సత్తువా కలిసి వాటి పని కూడా పట్టేవి. మొండివి మిగిలి ఉండగానే మీరు చెయ్యెత్తేశారు. ఇప్పుడు అమ్మాయి ఒంట్లో ఉన్నది బహుశా వాటి సంతానమే."

ఎండాకాలం చెరువు అడుగంటితే చేపలన్నీ చచ్చాయని కొత్తవాళ్లు అనుకుంటారు. కొర్రమీను బురదలో దూరి కూర్చుంటుంది. మొదటి వానకు పైకి లేస్తుంది. ఇది గాలయ్యకు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి తెలుసు. తెలిసి ఏం లాభం? తన బిడ్డ కడుపు కూడా ఒక చెరువేనని తోచలేదు.

"గిప్పుడెట్ల మేడం?"

"రక్తం కల్చర్ పరీక్షకు పంపిస్తున్నాను. వాటిని పెంచి, ఏ మందుకు చస్తాయో చూస్తారు. రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఈలోపు నాకు తోచిన సూది మొదలుపెడతాను. పేగుకు చిల్లు పడకుండా చూసుకోవాలి. పడితే ప్రాణం మీదికి వస్తుంది."

ఆ మాట విన్న తర్వాత గాలయ్యకు కూర్చునే చోటు లేకుండా పోయింది. పిల్ల పక్కకు తిరిగితే లేచాడు, మూలిగితే నర్సు దగ్గరికి పరుగెత్తాడు. నిద్రపోతే ఊపిరి ఆడుతోందా అని ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. నర్సుకు విసుగొచ్చింది. "ఏంది పెద్దాయనా, ఊకూకె? ఆమెను పండనియ్యవా?"

రిపోర్టు వచ్చింది. మునుపు మింగిన గోలీకి ఆ క్రిములు చావవు. దాని జాతి మందులు ఒక్కటీ పనికిరావు. డాక్టరు మొదలుపెట్టిన సూదికి చస్తాయి.

"ఇది గూడ పని జెయ్యకుంటె?"

"ఇంకా ఒకటో రెండో ఉన్నాయి. వాటినీ ఇలాగే పాడు చేసుకుంటే మీ దగ్గరా ఏమీ ఉండదు, నా దగ్గరా ఏమీ ఉండదు."

సూది పడుతున్నా జ్వరం వెంటనే దిగలేదు. నిదానంగా దిగుతుందని డాక్టరు చెబుతూనే ఉంది. నిదానం అన్న మాట గాలయ్య చెవికి ఎక్కలేదు. భార్యను కూడా నిదానంగానే పోగొట్టుకున్నాడు.

ఆ ఎదురుచూపులో ఉండగానే వార్డు గుమ్మంలో బాలమల్లు కనబడ్డాడు. అతని కోడలు సుశీలను చక్రాల కుర్చీలో తెస్తున్నారు.

"ఏందిరా బాలమల్లూ?"

"జరమే అన్నా. నీ బిడ్డ మింగిన గోలీలే తెచ్చి ఏసినం. పూటగూడ తప్పలే. తగ్గనే తగ్గలే."

డాక్టరు సుశీలను చూసి, వివరాలన్నీ అడిగి, పచ్చిపులుసు సంగతి దగ్గర ఆగింది. "పరీక్షలో తేలాలి. కానీ అదే క్రిమి అయి ఉంటుంది. జ్వరం తగ్గిన మనిషి మలంలో కూడా ఇది కొంతకాలం పోతూనే ఉంటుంది. చేతులు సరిగా కడగకపోతే తిండిలోకి వస్తుంది. మొండిదే వచ్చి దూరితే, కొత్త మనిషికి కూడా పాత మందు పనిచేయదు."

బాలమల్లు గాలయ్య వైపు తిరిగాడు.

"మేమైతె ఏ నీళ్లు వోసుకోలే గదనే," అన్నాడు.

గాలయ్యకు అక్క మీద కోపం వచ్చింది. ఆ కోపం కాస్త దూరం పోయి మళ్లీ తన మీదికే తిరిగింది. ఆరోజు నవ్వింది తనే.

మరో రెండు రోజులకు ప్రియాంక జ్వరం జారింది. సుశీలకూ సూది పట్టిందన్నారు. డాక్టరు ప్రియాంకను ఇంటికి పంపిస్తూ, సూది ఎక్కించడానికి చేతికి పెట్టిన సన్న గొట్టాన్ని అలాగే ఉంచింది. రోజూ వచ్చి సూది వేయించుకోవాలి, నేను ఆపమనేదాకా ఆపకూడదు, ఎవరికీ చేత్తో కలిపిన తిండి పెట్టకూడదు అంది.

ఇల్లు చేరేసరికి సత్తమ్మ వాకిట్లో పొయ్యి రాజేసి ఉంది. కాగులో వేపాకు మరుగుతోంది.

"నా తల్లే, సల్లవడ్డవా? దా, కూసో. తమ్మీ, ముందుగాల గా చేతిలున్న పైపు పీకెయ్."

"పైపు ఉంటది," అన్నాడు గాలయ్య. "నీళ్లు పొయ్. చెయ్యి తడ్వనియ్యకు. రేపు సూదికి వోవాలె."

"సూది పెట్టుకుంట పథ్యం నీళ్లా? ఏడ జూసినవ్ గిది? నేను పొయ్య. రేపు దీనికేమన్న అయితె నా మీద వెడ్తవ్."

"పెడ్త."

సత్తమ్మ చెంబు కింద పెట్టింది. "ఏమన్నవ్?"

"పోయినపారి ఆపుమన్నది నువ్వు, ఆపింది నేను. బాలమల్లు కోడలు గూడ దవఖాన్ల పండుకున్నది. గది గూడ నీ మీద, నా మీదనే."

"తల్లి లేని పిల్లని ఉరికొస్తె గింత మాటంటవా? ఇగ నీ గడప తొక్క."

"తొక్కకు."

ఆమె మూట కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. ప్రియాంక గోడకు ఆనుకుని ఏడ్చింది. "అత్తను ఎల్లగొట్టినవ్. రేపు నా పెండ్లికి పసుపు రాయనీకి ఎవలొస్తరు బాపూ?"

గాలయ్య వెతికి ప్లాస్టిక్ కవరు తెచ్చి, గొట్టం ఉన్న చేతికి చుట్టి, దారంతో కట్టాడు. తడకల చాటుకు కాగు మోసి పెట్టాడు. బిడ్డ ఒంటిచేత్తో తల మీద నీళ్లు పోసుకుంటుంటే బయట అటు తిరిగి కూర్చున్నాడు. నీళ్ల చప్పుడు ఆగిన ప్రతిసారీ, "పైకెత్తినవా చెయ్యి?" అని అడిగాడు.

"ఎత్తిన. ఎన్నిపార్లు అడుగుతవ్?"

పొద్దున్నే బండి తీశాడు. ప్రియాంక ఎక్కలేదు. గుమ్మంలో నిలబడి, తండ్రి చెయ్యి పట్టుకుని తన నుదుటి మీద పెట్టుకుంది.

"సూడు. సల్లగనే ఉన్న గద. ఇంకెందుకు?"

నుదురు చల్లగానే ఉంది. పోయినసారి కూడా ఇలాగే ఉంది.

"సల్లగున్నప్పుడే," అన్నాడు గాలయ్య, బండి తన్నుతూ. "ఎక్కు."