పూచీ నీళ్ళు

నేను ఒక స్టీలు గ్లాసుని. నవ్వకండి. మీరు ఈ మధ్య తెగ చదువుతున్న ప్రళయం నవలలు ఉన్నాయి చూశారా, లోకమంతా పోయి ఒక కుర్రాడూ ఒక పిల్లా మిగిలి, కూలిన బిల్డింగు మీద నిలబడి ముద్దు పెట్టుకుంటారే, వాటిలో నాలాంటి వాళ్ళకి చోటుండదు. ఆ ఇద్దరికీ దాహం కూడా వెయ్యదు. నేను అసలు ప్రళయంలోనే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

విజయవాడలో ఒక రేకుల షెడ్డులో ప్రెస్సు కింద పుట్టాను. శేషారత్నం అనే ఆవిడ పెళ్ళికి ఎవరో మమ్మల్ని డజను కొని, పేరు కొట్టించి చదివించారు. పదేళ్ళు వాళ్ళింట్లో మజ్జిగ మోశాను, కాఫీ మోశాను, ముసలాయన పళ్ళసెట్టు కూడా మోశాను. తర్వాత నురగజ్వరం వచ్చింది. ఉమ్మితో అంటుకునేది. రెండు నెలల్లో ఊళ్ళు ఖాళీ. శేషారత్నం తన చంటిపిల్లనీ, అక్క కూతురు ప్రణవినీ వెంటబెట్టుకుని, సంచిలో నన్ను వేసుకుని, గుంటూరు పక్కన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో చేరింది. మొత్తం నలభై ఒక్క మంది. గోడలు మందం, గేటు ఒకటే, బోరు లోపలే.

పెద్దరికం ఆ స్టోరేజీ పాత మేనేజరు అంకబాబుది. నీళ్ళు తక్కువ కాబట్టి మనిషికి పూటకో గ్లాసు, అందరికీ గ్లాసు ఒకటే, అది నేనే. ఎత్తి పోసుకోవాలి, పెదవి తగలకూడదు. ఒళ్ళు కాలితే గేటు బయటికి. ఒక వెసులుబాటు మాత్రం పెట్టాడు. ఎవరన్నా ఇది ఆ జబ్బు కాదని పూచీ పడి, ఆ మనిషి ఎంగిలి నీళ్ళు తాగితే, ఇద్దరినీ తొమ్మిది రోజులు వెనక గదిలో ఉంచుతారు. బతికితే మళ్ళీ అందరితో కలవొచ్చు. అప్పటిదాకా ఎవరూ పూచీ పడలేదు.

ప్రణవికి పందొమ్మిది. అభిలాష్‌కి ఇరవై ఒకటి, ఇంజనీరింగు మధ్యలో ఆగిపోయింది. అతని బ్యాగులో బట్టలకన్నా ఆ నవలలే ఎక్కువ. ఆమెకి చదివి వినిపించేవాడు. మిరపకాయ బస్తాల చాటున తుమ్ముకుంటూనే ప్రేమించుకున్నారు. ఎవరూ చూడనప్పుడు ఆమె నన్ను ఆనించి తాగి సగం ఉంచేది. ఆ పెదవులు తగిలిన చోటే అతనూ ఆనించి తాగేవాడు. పెళ్ళంటే ఇంతకన్నా ఏముంటుందని ఇద్దరూ అనుకునేవాళ్ళు. నేనూ అనుకున్నాను.

ఒక పొద్దున ప్రణవి ఒళ్ళు కాలింది. ముక్కు కారుతోంది. నురగ లేదు, కానీ రేపు రావచ్చు. అంకబాబు అందరినీ తొట్టి దగ్గరికి పిలిచాడు. ఆమె నన్ను ఆనించి సగం తాగి గట్టు మీద పెట్టింది. పూచీ ఎవరని అడిగాడు. శేషారత్నం చంకలో పిల్లని చూసుకుంది, అక్క కూతుర్ని చూడలేదు. ఆవిడని తప్పుపట్టను.

"నేను తాగుతా బాబాయ్," అన్నాడు అభిలాష్.

నాకు గర్వమేసింది. అతను నన్ను తీసుకున్నాడు. జానెడు ఎత్తు లేపి పోసుకున్నాడు. జబ్బంటూ ఉంటే నీళ్ళలో ఉంటుంది గానీ నా అంచు మీదే ఉంటుందా? అయినా చెయ్యి దానంతటదే లేచింది. చుక్క మిగల్చకుండా పోసుకుని, నన్ను బోర్లించి అందరికీ చూపించాడు. గొంతు మాత్రం కదల్లేదు. అది నాకు తెలుసు, ఎదురుగా నిలబడ్డ ప్రణవికి తెలుసు. మిగతావాళ్ళంతా నన్నే చూస్తున్నారు.

అంకబాబు సరేనని వెనక గది తాళం తీయమన్నాడు. అంతే, గండం గడిచింది. ఆ కాసేపు ప్రణవి నోరు మూసుకుని ఉంటే లోపలే ఉండేది.

"అభీ, ఒకసారి నన్ను పేరు పెట్టి పిలువు," అంది.

అతను తల ఊపాడు. బుగ్గలు ఉబ్బి ఉన్నాయి.

"తల కాదు. పేరు."

అంకబాబు దగ్గరికొచ్చి అతని గొంతు వంక చూశాడు. "పిలవరా, పిల్ల అడగతందిగా."

"యాడ పిలుస్తాడు, నోట్లో చెరువుందిగా," అన్నారు వెనక నుంచి ఎవరో. ఇద్దరు ముగ్గురు నవ్వారు కూడా.

అభిలాష్ పక్కకి తిరిగి ఊసేశాడు. తర్వాత తొట్టిలో మంచినీళ్ళు దోసిలితో తీసుకుని నాలుగుసార్లు పుక్కిలించాడు. అప్పుడు పిలిచాడు, ప్రణవీ అని.

"గేటు తీ బాబాయ్," అంది ఆమె.

నన్ను ముట్టుకునేవాళ్ళు లేరు. అంకబాబు కర్రతో నెట్టి ఆమె వెనకే బయటికి దొర్లించాడు. రెండో రోజుకి జ్వరం తగ్గింది. వట్టి పడిశం. గేటు కొట్టి ఆ మాటే చెప్పింది. తొమ్మిది రోజులు కానియ్యమన్నారు. నీళ్ళడిగింది. నీళ్ళివ్వాలంటే గేటు తీయాలన్నారు. పక్కనున్న కాలవ ఎండిపోయి అడుగున శవాలున్నాయి. నాలుగో రోజు మధ్యాహ్నం గేటుకి ఆనుకుని కూర్చున్నది కూర్చున్నట్టే పోయింది. మూతి మీద నురగ లేదు. స్టోరేజీ డాబా మీంచి చూస్తే మూతి కనపడదు కదా, చూశావా జబ్బే, ఊసేశావు గనక బతికావు అని అభిలాష్ వీపు తట్టారు. అతను బాగా ఏడ్చాడు. దొంగ ఏడుపు కాదు.

నేను ఇంకా గేటు బయట, ఆమె నిలబెట్టిన చోటే, మట్టిలో ఉన్నాను. వానొస్తే నిండుతాను, ఎండొస్తే ఖాళీ అవుతాను. సాయంత్రాలు డాబా మీద అభిలాష్ కొత్తగా చేరినవాళ్ళకి తన ప్రేమకథ చెబుతుంటాడు. గొంతు బాగుంటుంది, అక్కడక్కడ వణుకుతుంది. ఆడపిల్లలు ముక్కు చీదడం నాకు వినపడుతుంది. ఆ కథలో అతను గుటక వేస్తాడు.