ఇంట్లోదే

సింకు అంచుకి అంటుకున్న నీలం రంగుని ఆమె పాత బనీను గుడ్డతో రుద్దుతూంటే వెనకనుంచి అత్తగారు, "గిన్నెలు కడిగే చోట ఆ రంగులేమిటమ్మా, కడుపులోకి పోతే?" అంది. పద్దెనిమిదేళ్ళుగా అంటున్న మాటే. పద్దెనిమిదేళ్ళుగా ఆమె కూడా "ఇదిగో, అయిపోయిందత్తయ్యా" అంటూనే ఉంది.

భర్త గాయకుడు. అతని కచేరీలన్నిటికీ పోస్టర్లు ఆమే వేస్తుంది. ముందుగదిలో అతను సాధన చేస్తూంటే, వంటింటి గట్టు మీద కూరగాయలు పక్కకి నెట్టి, కాగితం పరిచి, కుంచె ఆనించి, గొంతు ఎటు పోతే గీతని అటు పోనిస్తుంది. స్వరం లేస్తే గీత లేస్తుంది. గొంతు నిండితే లావెక్కుతుంది, సన్నగిల్లితే వెంట్రుకైపోతుంది. పాట ముగిసేసరికి కాగితం మీద కొండో, నీళ్ళో, ఎవరో వెనక్కి తిరిగి చూసినట్టో ఏదో ఒకటి నిలబడుతుంది. ఇక దిద్దదు. దిద్దితే అది ఆ పూట విన్న పాట కాకుండా పోతుంది. అడుగున తేదీ, వేళ, హాలు. వేసిన మనిషి పేరుకి ఎప్పుడూ చోటు మిగల్లేదు.

"పోస్టరు భలే ఉందండీ, ఎవరు వేశారు?" అని ఎవరైనా అడిగితే అతను పెరుగు గిన్నె సంగతి చెప్పినట్టు, "ఇంట్లోదే" అనేవాడు. కొత్తలో ఆ మాటకి ఆమె మురిసిపోయింది కూడా. ఇంట్లోది అంటే నాది అనుకుంది. ఇంట్లోది అంటే ఎవరినీ అడక్కుండా తీసుకోగలిగేదని తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

పోయిన నెల గ్యాలరీ నడిపే ఆవిడ వచ్చి, పరుపు కింద దాచిన ముప్పై నాలుగు పోస్టర్లనీ నేల మీద పరిపించుకుని, "ఇవి ప్రకటనలు కావండీ. వినబడుతున్నాయి" అంది. ఆమె టీ తెచ్చేసరికి మాటలు అయిపోయాయి. ఆవిడ వెళ్ళాక, "నేను వేశానని చెప్పారా?" అని అడిగింది.

"ఎవరు వేస్తే ఏంటోయ్? మనిద్దరం వేరా? నా పాటే లేకపోతే నీ గీత ఎక్కడిది?"

ప్రదర్శన మొదలైన రోజు ప్రతి పోస్టరు కిందా తెల్లటి కార్డు ఉంది. ప్రతి కార్డు మీదా అతని పేరు ఉంది. ఆమె అత్తగారి శాలువా, మంచినీళ్ళ సీసా పట్టుకుని వెనక వరసలో నిలబడి ఆ కార్డులన్నీ చదివింది.

అన్నిటికన్నా పెద్ద పోస్టరు ముందు ఆగి గ్యాలరీ ఆవిడ, "ఇక్కడ గీత మూడుచోట్ల తెగింది. ఎందుకు?" అని అతనికి మైకు ఇచ్చింది.

అతను కళ్ళు మూసుకుని తెరిచాడు. "అది మౌనం. స్వరానికీ స్వరానికీ మధ్య నేను వదిలే నిశ్శబ్దం."

చప్పట్లు మోగాయి. అత్తగారు కూడా కొట్టింది.

"కుక్కర్ అండీ," అంది ఆమె.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. అత్తగారు మోచేత్తో పొడిచింది.

"మూడోది కుక్కర్. విజిల్ వస్తే స్టవ్ కట్టెయ్యడానికి లేచాను. మొదటిది అత్తయ్య మందుబిళ్ళ అడిగినప్పుడు. రెండోది ఈయన నీళ్ళు అడిగినప్పుడు. అడిగి మళ్ళీ పాట అందుకున్నారు. మౌనమేం లేదండీ అక్కడ. ఈయన పాడుతూనే ఉన్నారు. నేనే లేను."

గ్యాలరీ ఆవిడ పోస్టరు వంక చూసింది, అతని వంక చూసింది. కార్డు ఊడదీసి, పెన్ను మూత తీసి, "మీ పేరు?" అంది. ఆమె చెప్పింది. అలవాటు తప్పిన గొంతు మొదటిసారి సరిగా పలకలేదు. రెండోసారి చెప్పింది.

తిరిగి వెళ్ళేటప్పుడు కారు అతనే నడిపాడు.

"మా ఆవిడకి సరదా ఎక్కువ అని సర్దిచెప్పాను, బతికిపోయావు," అన్నాడు. "పదిమందిలో పరువు తీశావు కదా. సరేలే, అయిందేదో అయింది. వచ్చే నెల పెద్ద హాల్లో కచేరీ. పోస్టరు ఎప్పటికిస్తావ్?"

ఆమె శాలువా మడతపెట్టి వెనక సీటులోని అత్తగారి చేతికిచ్చింది.

"ఇంట్లోది అయిపోయిందండీ. బయట తెచ్చుకోండి."